పంటి డాక్టర్లు, ప్రజాప్రతినిధులు

అర్జీ పట్టుకుని నిలబడ్డవాడి మాటకంటే ముఖపరిచయం ఉన్నవాడి మాటకే ప్రజాప్రతినిధి దగ్గర విలువ ఎక్కువ. ఈ సంగతి పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. అమెరికాలో పంటి డాక్టర్లు దీన్నే ఒక పద్ధతిగా మలచుకున్నారు. 1859లో ఏర్పడిన వారి సంఘం, అమెరికన్ డెంటల్ అసోసియేషన్, పార్లమెంటు సభ్యులలో ఒక్కొక్కరికి ఒక్కో డాక్టరును, వీలైతే ఆ నియోజకవర్గం వారినే, కేటాయిస్తుంది. సభ్యుడు సొంతూరు వచ్చినప్పుడు కలవడం, బిల్లు వచ్చినప్పుడు మంచిచెడ్డలు విడమరచి చెప్పడం ఆ డాక్టరు పని. ఏటా డాక్టర్లు, దంతవైద్య విద్యార్థులు కట్టకట్టుకుని వాషింగ్టన్ వెళ్ళి సభ్యుల గడప తొక్కుతారు కూడా.

ఫలితం లేకపోలేదు. 1945 నాటి చట్టం ఒకటి ఇన్సూరెన్సు కంపెనీలను గుత్తాధిపత్య నిరోధక చట్టాలకు చాలావరకు దూరంగా ఉంచింది. ఆరోగ్య, దంత ఇన్సూరెన్సుల విషయంలో ఆ వెసులుబాటు తీసివేయాలని సంఘం ఏళ్ళ తరబడి అడిగింది. 2017లో బిల్లు తెచ్చిన పాల్ గోసార్ తానూ పంటి డాక్టరే. అప్పుడు గట్టెక్కకపోయినా, మళ్ళీ తెచ్చిన బిల్లు 2021 జనవరిలో చట్టమయింది.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అలాస్కాలో విమానమో పడవో తప్ప దారిలేని గిరిజన గ్రామాలున్నాయి. అక్కడ పళ్ళు పూడ్చడానికి, పీకడానికి స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇప్పిస్తే, డాక్టర్లు కానివారు ఈ పని చేయరాదంటూ ఇదే సంఘం 2006లో కోర్టుకెక్కింది. 2007లో ఓడిపోయింది. తమ వృత్తికి కంచె వేసుకోవడానికీ, రోగి తరఫున అడగడానికీ మధ్య ఉన్న తేడా చదువుకున్నవారికి తెలియనిది కాదు.

నల్గొండ జిల్లా విషయానికి వస్తే, ఇక్కడ పళ్ళ సమస్య నీళ్ళ సమస్యే. ఫ్లోరైడు నీరు తాగే పిల్లల శాశ్వత దంతాలు చిగుళ్ళలో తయారవుతుండగానే చెడిపోయి, గారపట్టి బయటకు వస్తాయి. నడుము వంగిపోవడం, కీళ్ళు బిగిసిపోవడం ఏళ్ళు గడిచాక కనిపించేవి. అంటే ఊరి నీరు చెడ్డదని మొట్టమొదట చెప్పేది పిల్లవాడి పన్ను. దాన్ని గుర్తుపట్టే చదువు చదివినవారు పంటి డాక్టర్లు. కాని నీళ్ళకోసం రోడ్డెక్కింది రైతులూ కూలీలూ. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి, బ్యాలెట్ పత్రాన్ని పుస్తకమంత చేసి, ఢిల్లీ దృష్టిని జిల్లావైపు తిప్పారు. ఆ ఏడే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్ 500 రూపాయల నుంచి 10 వేలకు పెరిగింది! ఆ దారిలో మళ్ళీ అడగడం బీదవాడికి కష్టమే.

ఆ తర్వాతి ఏళ్ళలో కృష్ణా నీరు ఎన్నో గ్రామాలకు చేరింది. పైపు వేయడం వేరు, ఏడాది పొడుగునా ఆ నీరే తాగగలగడం వేరు. కుళాయి రాని రోజు బోరింగు దగ్గరికి వెళ్ళక తప్పదు. ఈ లెక్క ఇంజనీరు కాగితంలో దొరకదు. కుళాయి వచ్చాక పుట్టిన పిల్లలకు ఆరేడేళ్ళ వయసులో వచ్చే ముందుపళ్ళు చూస్తే తెలుస్తుంది. జిల్లాలోని పంటి డాక్టర్లు తలా నాలుగు ప్రాథమిక పాఠశాలలు పంచుకుని, రెండు మూడు తరగతుల పిల్లల నోళ్ళు చూసి, ఊరివారీగా గారపళ్ళ జాబితా రాస్తే పెద్ద ఖర్చు కాదు. అమెరికా వారి పద్ధతిలో తీసుకోదగ్గది ఇది: ఆ జాబితాను ఆ ఊరి సర్పంచినీ పంతులుగారినీ వెంటబెట్టుకుని, నియోజకవర్గంలో రోజూ వైద్యం చేసే డాక్టరే తీసుకువెళ్ళి ఎమ్మెల్యే చేతిలో పెట్టాలి. బడ్జెట్ సమావేశాలకు ముందే అందితే, అన్ని ఇళ్ళకూ కుళాయిలు ఇచ్చామని చెప్పి కూర్చునే అధికారిని ఫలానా ఊరి పిల్లల పళ్ళు ఎందుకు ఇంకా గారపడుతున్నాయని సభ్యుడు పేరు పెట్టి అడగగలడు.