ఏ పందెం తీసేయాలో పందేనికి ముందే చెప్పాలి

భిలాయిలో పెరిగే తెలుగు పిల్లలకు సముద్రం అంటే సెలవుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు చుట్టాలింటికి వెళ్లినప్పుడు చూసేది. ఇక్కడ నీళ్లంటే మైత్రీబాగ్ చెరువు, ఉక్కు కర్మాగారం అవసరాలు తీర్చే మరోడా జలాశయం. అయినా తెరచాప పడవల పందేల గురించి ఈ ఊరి పిల్లలకు చెప్పాలని నాకు అనిపిస్తోంది. దానికి సముద్రం అక్కర్లేదు. నమూనా పడవలకు చిన్న చెరువు చాలు. ప్రపంచమంతటా ఆడే 'ఇంటర్నేషనల్ వన్ మీటర్' తరగతి పడవ పొడవు మీటరుకు మించదు. మోటారు ఉండదు. ఒడ్డున నిలబడ్డ మనిషి రేడియో సంకేతాలతో చుక్కానినీ, తెరచాపలు లాగే తాడునూ మాత్రమే కదిలిస్తాడు. పడవను నడిపేది గాలే.

అయితే నా ఆసక్తి పడవ కంటే పాయింట్ల లెక్క మీద ఎక్కువ. గాలి అందరికీ ఒకేలా వీయదు కాబట్టి ఒక్క పందెంతో విజేతను తేల్చరు. వరుసగా చాలా పందేలు పెడతారు. మొదటి స్థానానికి 1 పాయింటు, రెండో స్థానానికి 2, మూడో స్థానానికి 3. ఎవరి మొత్తం తక్కువైతే వారే గెలిచినట్టు. పందెం పూర్తి చేయలేని పడవకు, సిరీస్‌లో నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి వేస్తారు. చివర్లో ప్రతి పడవకూ దాని అత్యంత చెడ్డ ఫలితాన్ని లెక్కలోంచి తీసేస్తారు.

2023 సెప్టెంబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన దేశానికి చెందిన నేహా ఠాకూర్ బాలికల ఐఎల్‌సీఏ-4 విభాగంలో రజతం గెలిచింది ఈ పద్ధతిలోనే. 11 పందేల్లో ఆమెకు వచ్చినవి 32 పాయింట్లు. అన్నిటికంటే చెడ్డ ఫలితం 5 పాయింట్లు తీసేస్తే మిగిలినవి 27.

చెడ్డ రోజును తీసేయడం న్యాయమేనా? ఒక చిన్న లెక్క వేద్దాం. ఎనిమిది పడవలు, ఆరు పందేలు. ఎర్ర పడవకు వరుసగా 1, 2, 1, 9, 1, 2 వచ్చాయి. నాలుగో పందెంలో తాడు చిక్కుకుని ఆగిపోవడంతో 9 పడింది. నీలి పడవకు 2, 1, 2, 3, 3, 1. అన్నీ కలిపితే ఎర్ర పడవ 16, నీలి పడవ 12. గెలుపు నీలి పడవదే. ఒక్కో చెడ్డ ఫలితం తీసేస్తే ఎర్ర పడవ 7, నీలి పడవ 9. ఇప్పుడు గెలుపు ఎర్ర పడవది. పడవలు అవే, పందేలు అవే. నియమం మారితే విజేత మారిపోయాడు.

ఇందులో ఏది సరైనదని పిల్లలు అడుగుతారు. రెండూ సరైనవే. వేగం ముఖ్యమనుకుంటే ఒకటి, తప్పు చేయకపోవడం ముఖ్యమనుకుంటే ఇంకొకటి. సరికానిది ఒక్కటే: ఆరు పందేలూ అయ్యాక, ఎవరికి ఎన్ని వచ్చాయో చూసుకుని, అప్పుడు నియమం ఎంచుకోవడం. అందుకే పడవ పందేల్లో ఎన్ని ఫలితాలు తీసేస్తారో, పాయింట్లు సమానమైతే ఏం చేస్తారో ముందే రాసి అందరికీ ఇస్తారు.

ఇది ఆటకే పరిమితమైన నీతి కాదు. కాలేజీ ప్రాక్టికల్స్‌లో లోలకంతో గురుత్వ త్వరణం కొలిచినప్పుడు నేను చేసిన పని చెబుతాను. పది రీడింగుల్లో రెండు 9.8కి దూరంగా వచ్చాయి. వాటిని కొట్టేసి, మిగిలిన ఎనిమిదికి సగటు కట్టి, మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రెండూ తప్పని నాకెలా తెలుసు? నాకు కావలసిన జవాబుకు దూరంగా ఉన్నాయి, అంతే.

పెద్దవాళ్లూ ఈ గోతిలో పడ్డారు. ఎలక్ట్రాన్ ఆవేశాన్ని నూనె చుక్కలతో కొలిచిన రాబర్ట్ మిల్లికన్, 1913 వ్యాసంలో 58 చుక్కల ఫలితాలిచ్చి, వరుసగా 60 రోజుల్లో పరీక్షించిన చుక్కలన్నీ ఇవేనని రాశారు. ఆయన నోటు పుస్తకాల్లో అంతకంటే చాలా ఎక్కువ చుక్కలున్నాయని తర్వాత చరిత్రకారులు గుర్తించారు. వదిలేసినవి కలిపినా విలువ పెద్దగా మారదని లెక్కలు చూపాయి. అయినా వాటిని వదిలేశానని చెప్పకపోవడం ఈనాటికీ ఆయన మీద మచ్చగానే మిగిలింది.

అసలు తీసేయకూడని సందర్భాలూ ఉన్నాయి. అవి భిలాయి వాళ్లకు బాగా తెలుసు. ఈ ప్లాంటు దేశానికి రైలు పట్టాలు తయారు చేస్తుంది. ప్రతి హీట్ ఉక్కు నుంచీ నమూనా తీసి పరీక్షిస్తారు, పట్టాలను అల్ట్రాసోనిక్ తరంగాలతో వెతుకుతారు. వంద పట్టాల సగటు బాగుంటే లాభం లేదు. పగులున్న ఆ ఒక్క పట్టా మీదుగా కూడా రైలు వెళ్లాలి. 'మొత్తం మీద ఎవరు మెరుగు' అన్న ప్రశ్నకు చెడ్డ ఫలితాన్ని పక్కన పెట్టవచ్చు. 'ఎక్కడైనా ప్రమాదం ఉందా' అన్న ప్రశ్నకు ఆ చెడ్డ ఫలితమే జవాబు.

పడవ పందేల నియమావళిలోనూ ఇలాంటి హద్దు ఒకటుంది. తాడు తెగితే, గాలి ఆగితే వచ్చిన చెడ్డ పాయింట్లను మినహాయించుకోవచ్చు. నిజాయితీ తప్పి అనర్హత పొందితే ఆ పాయింట్లను మాత్రం తీసేయడానికి వీల్లేదు. చివరిదాకా మొత్తంలోనే ఉంటాయి.

అందుకే నా సూచన ఇది. ఈ ఊరి బడుల్లోని సైన్స్ క్లబ్బులు ఏడాదికి ఒక్కసారైనా నమూనా పడవల పందేలు పెట్టాలి. రేడియో పరికరాలు ఖరీదనుకుంటే థర్మోకోల్ అడుగు, గుడ్డ తెరచాప, పెద్దల కాపలాలో మోకాలి లోతు నీళ్లు చాలు. పడవల కంటే ముందు పిల్లలు ఒక కాగితం తయారు చేయాలి. ఎన్ని పందేలు, ఎన్ని ఫలితాలు తీసేస్తారు, ఆగిపోయిన పడవకు ఎంత, సమానమైతే ఎలా అన్నీ రాసి, అందరూ సంతకాలు చేసి, గోడకు అతికించాలి. తీసేసిన ఫలితాన్ని చెరిపేయకుండా చుట్టూ సున్నా చుట్టి పట్టికలో కనబడేలా ఉంచాలి. అదే పద్ధతిని ప్రాక్టికల్ రికార్డుల్లోకి తెచ్చి, కొట్టేసిన రీడింగు పక్కన ఎందుకు కొట్టేశారో ఒక్క వాక్యం రాయిస్తే, నేను చేసిన పొరపాటు వాళ్లు చేయరు.