పచ్చికి వ్యతిరేకం ఏమిటి?

అయిదో తరగతి పరీక్షలో "పచ్చి" అన్న మాటకు వ్యతిరేక పదం రాయమంటే నేను "ఎండు" అని రాశాను. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేశారు. గైడులో "పండు" అని ఉందట! కల్లంలో మిరపకాయలు ఆరబోసే ఇంట పుట్టినవాడికి ఎండు కాక మరేం తోస్తుంది? ఆ తరువాత చాలాకాలం తెలుగు క్లాసులో నేను నోరు విప్పలేదు.

ఒకప్పుడు వీధిబడుల్లో అమరకోశం వల్లె వేయించేవారు. తెలుగు మాటలకు పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామ సంగ్రహాన్ని పద్యాల్లో కూర్చాడు. పుస్తకాలు అరుదైన ఆ రోజుల్లో కంఠస్థం అవసరమే. మరి పద్యం పోయి గైడులోని పట్టిక మిగిలిన ఈనాడు కూడా బట్టీయేనా?

నిరుడు ఎన్.ఎస్.ఎస్. శిబిరంలో నాలుగో తరగతి పిల్లలతో ఓ ఆట ఆడించాం. రెండు జట్లు. మేము "వాన" అంటే వంతులవారీగా సాటి మాట చెప్పాలి. చెప్పిందే చెబితే పాయింటు పోతుంది. వర్షం, జల్లు, జడి, ముసురు, తొలకరి... బోర్డు చాల్లేదు! "ఇవన్నీ ఒకటేనా?" అని మెలిక పెట్టాం. "కాదు సార్! తొలకరికి దుక్కి మొదలెడతారు, ముసురు పట్టిందా ఆపేస్తారు" అంది వెనక వరసలోని పిల్ల. పర్యాయపదాలు అన్నిచోట్లా ఒకదాని బదులు ఒకటి ఒదగవని ఇంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

తరువాత "పచ్చి" ఇచ్చాం, కాని ఒంటరిగా కాదు, వస్తువుతో కలిపి. జామకాయకైతే పండు, మిరపకాయకైతే ఎండు, గుడ్డుకైతే ఉడికినది. అన్నీ ఒప్పే! ఎలక్ట్రాన్‌కూ పాజిట్రాన్‌కూ ద్రవ్యరాశి ఒక్కటే, ఆవేశం గుర్తే వేరు. మాటలూ అంతే. ఏ గుణంలో ఎదురో తెలిస్తేనే జవాబు.

"ఆటలాడిస్తూ కూర్చుంటే సిలబస్ అయ్యేదెప్పుడు?" అనవచ్చు. పీరియడులో పది నిమిషాలు, ఒక సుద్దముక్క, అంతే ఖర్చు. మాటలంటారా, అవి పిల్లల ఇళ్ళలోనే ఉన్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వ్యవసాయ వృత్తి పదకోశాన్ని వెలువరించింది. రైతు నోటిమాట పండితులకు పనికొచ్చినప్పుడు బడిలో తప్పెలా అవుతుంది?

మన కాలేజీ నుంచి రేపు టీచర్లయ్యేవారు ఎందరో ఉన్నారు. మిత్రులారా, మీకు నా మనవి ఒక్కటే. ఎర్రసిరాతో కొట్టేసే ముందు "ఎందుకలా రాశావురా?" అని ఒక్కసారి అడగండి.