ఎదుటివాని వాక్యం మనం చదవడం మానుదాం

ధ్యాన భాగాలు: నిర్గమకాండము 22:5, 23:4-5



ఈసారి మేము రాసేది కొందరికి నచ్చదు. అయినా రాయక తప్పదు. మేకల గురించి, కోళ్ళ గురించి, కుక్కల గురించి రాస్తున్నాం. "ఇదేం ధ్యానం అయ్యగారూ?" అని నవ్వకండి. ఈ రెండేళ్ళలో మా సంఘాన్ని చీల్చింది సిద్ధాంతాలు కావు, పక్కింటి మేకలు.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. పేర్లు అక్కర్లేదు. ఒక కుటుంబానికి సెంటు పొలం లేదు, పది మేకలున్నాయి. ఇంకో కుటుంబానికి అరెకరం ఉంది. నర్సరీలో నారు కొనుక్కొచ్చి, డ్రిప్పు పరిచి టమోటా నాటారు. పైన అప్పు ఉంది. ఒక రాత్రి మేకలు తాడు తెంపుకొని ఆ చేలో పడ్డాయి. తెల్లారేసరికి సగం సాళ్ళు మొదళ్ళతో మిగిలాయి. ఆ తమ్ముడు మేకలవాళ్ళ ఇంటి ముందుకు పోయి వీధంతా వినబడేట్టు తిట్టాడు. అవతలివాళ్ళు "నోరులేని జీవాలు, వాటికేం తెలుసు? కంప కట్టుకోవాల్సింది నువ్వు" అన్నారు. వారం తిరగకముందే మేకలవాళ్ళ కుక్క గెనం మీద నురగ కక్కి చచ్చిపడింది. దాని పక్కన రెండు కాకులు కూడా. ఎవరు పెట్టారో ఎవరూ చూడలేదు, కానీ ఊరంతటికీ తెలుసు. ఆ కుక్కకు రోజూ అన్నం పెట్టే పాప మూడు రోజులు బడికి పోలేదు.

ఆ తరువాతి ఆదివారం ప్రభు బల్ల. ఒక కుటుంబం కుడివైపు చివర, ఇంకొకటి ఎడమవైపు చివర కూర్చుంది. ఇద్దరూ చేతులు చాపారు. మేము ఇద్దరికీ రొట్టె ఇచ్చాం. సమాధానపడి రమ్మని ఒక్క మాట అనలేదు. మత్తయి 5:23-24 ఎన్నిసార్లు బోధించామో లెక్కలేదు. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. కాబట్టి ఈ గద్దింపు ముందు మాకే.

ఆ వారం రెండు కుటుంబాలూ వేరువేరుగా మా దగ్గరికి వచ్చాయి. ఇద్దరి చేతిలోనూ బైబిలు ఉంది. చేను పోయినవాడు నిర్గమకాండము 22:5 తీశాడు. తన పశువును వదిలి వేరొకని చేను మేపినవాడు తన చేలోని మంచి పంటతోనే ఆ నష్టం కట్టాలని అక్కడ ఉంది. మేకలవాళ్ళు ఒక పేజీ తిప్పి 23:4 చూపించారు. శత్రువు ఎద్దయినా, గాడిదయినా దోవ తప్పి కనబడితే తోలుకొచ్చి అప్పగించాలని అక్కడ ఉంది. ఇద్దరూ చదివింది దేవుని వాక్యమే. కానీ ప్రియులారా, ఇద్దరూ చదివింది ఎదుటివాని వాక్యం. 22:5 రాసింది పశువు గలవాని కోసం. 23:4 రాసింది ఆ పశువు తన కంటబడినవాని కోసం. ప్రభువు ఇద్దరికీ చెరొక ఆజ్ఞ ఇచ్చాడు. మనం పక్కవాని ఆజ్ఞను పట్టుకొని వాని నెత్తిన కొడుతున్నాం. మన ఆజ్ఞను మడిచి సంచిలో పెట్టుకుంటున్నాం.

ముందు జీవాలు ఉన్నవాళ్ళతో మాట్లాడతాం.

"నోరులేని జీవం" అనే మాట ఇక మానండి. జీవానికి నోరు లేకపోవచ్చు, మీకు ఉంది. ఆకలేస్తే మేక మేస్తుంది, అది దాని పాపం కాదు. తాడు సరిగ్గా కట్టకపోవడం, తెల్లారుజామున కావాలనే వదిలి దుప్పటి ముసుగేసుకోవడం మీ పాపం. ధర్మశాస్త్రం మేకను నిలదీయలేదు, దాన్ని వదిలినవాణ్ణి నిలదీసింది. పైగా చెల్లింపు ఎట్లా ఉండాలో చూడండి. వాడిపోయినదో, పుచ్చిపోయినదో కాదు, తన చేలోని శ్రేష్ఠమైనది. మనమేమో "సారీ చెప్పాం కదన్నా" అంటాం. జక్కయ్య మారుమనస్సు పొందినప్పుడు సారీతో సరిపెట్టలేదు, నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు (లూకా 19:8). చేను లేనివాడు ఎక్కడి నుంచి కడతాడని అడుగుతారేమో. నారు మళ్ళీ నాటడానికి రెండు రోజులు కూలి లేకుండా పోయి పని చేయండి. ఒక మేకపిల్లను ఇవ్వండి. దారి లేక కాదు ప్రియులారా, మనసు లేక.

కరిచే కుక్కను పెంచేవాళ్ళూ వినండి. నిర్గమకాండము 21:29లో పొడిచే అలవాటున్న ఎద్దు సంగతి ఉంది. ఊరివాళ్ళు ముందే హెచ్చరించినా కట్టకుండా, అది మనిషిని చంపితే, యజమాని మీదే రక్తదోషం. "మా కుక్క ఎవర్నీ ఏమనదు" అని మీరనడం కాదు, వీధిలో పాలు పోసే అమ్మాయి ఏమంటుందో అడగండి. కుక్కకాటు మన దేశంలో చిన్న సంగతి కాదు. ప్రపంచంలో రేబిస్‌తో చచ్చిపోయేవాళ్ళలో మూడో వంతుకు పైగా మన దేశంవాళ్ళేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ జబ్బు బయటపడితే ఇక బతకడం దాదాపు లేదు. ఏటా జూలై 6న పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. తీసుకుపోయినవాళ్ళు మన సంఘంలో ఎంతమంది? కరిస్తే పసుపు, కారం పూయకండి. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. దేశపు చట్టమూ ఊరుకోదు. తన జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా జాగ్రత్తపడనివానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద 6 నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉన్నాయి.

ఇప్పుడు చేను గలవాళ్ళతో.

నష్టపోయింది మీరే. దాన్ని మేము తక్కువ చేయం. మదనపల్లె మార్కెట్‌లో ఒక రోజు పెట్టెకు వచ్చిన ధర మరుసటి వారం ఉండదు. అట్లాంటి పంటను పిల్లలా సాకి, ఒక్క రాత్రిలో పోగొట్టుకుంటే గుండె మండుతుంది. కానీ ఆ మంటతో అన్నంలో గుళికలు కలిపి గెనం మీద పెట్టిన చెయ్యి, ఆదివారం పైకెత్తి స్తుతించే చెయ్యి ఒకటే. ఆ అన్నం కుక్క పేరు అడగదు. కాకి తింటుంది, ముంగిస తింటుంది, కోడి పొడుస్తుంది. ఆ కోడి పులుసై ఎవరి పళ్ళెంలో పడుతుందో మీకు తెలుసా? కొందరు చేను చుట్టూ తీగ లాగి దొంగ కరెంటు ఇస్తున్నారు. అడవి పందులకంటూ నాటుబాంబులు పెట్టేవాళ్ళూ మన వైపు ఉన్నారు. పంది కోసం పెట్టింది ఆవు నోటిలో పేలితే ఆ ఆవు మేత మేయలేక ఎట్లా చస్తుందో చూసినవాళ్ళు మళ్ళీ ఆ పేరు ఎత్తరు. తీగ తగిలి చచ్చేది పందే కానక్కరలేదు, రాత్రి నీళ్ళు కట్టడానికి పోయే మన తమ్ముడే కావచ్చు. సామెతలు 12:10 నీతిమంతుణ్ణి వాని ప్రార్థనలతో కొలవలేదు, వాని పశువు ప్రాణం మీద వానికున్న కనికరంతో కొలిచింది.

చట్టం మీకు దారి లేకుండా చేయలేదు. 1871 నుంచి పశువుల దుష్ప్రవేశ చట్టం ఉంది. చేలో పడి నష్టం చేసే ఆవును, గేదెను, మేకను, గొర్రెను, పందిని పట్టుకునే హక్కు రైతుకు ఇచ్చింది. పట్టుకున్న 24 గంటల్లోపు బందెలదొడ్డికి పంపాలి. కొట్టమని లేదు, ఇంట్లో కట్టేసుకోమని లేదు. మన వైపు చాలా ఊళ్ళలో బందెలదొడ్డి గోడ కూలి, పేరు మాత్రమే మిగిలింది. అయితే గ్రామ సభలో లేచి బాగుచేయమని అడగండి. అది అడగడానికి బద్ధకం, విషం కొనడానికి లేదు. జంతువును విషం పెట్టి చంపడం 325వ సెక్షను కింద నేరం, 5 ఏళ్ళ వరకు జైలు. ఈ ఆజ్ఞ మోషేదీ, ఆ శిక్ష ప్రభుత్వానిదీ. రెండూ ఒక్క దోవే చూపిస్తున్నాయి.

ఇంకొక మాట ఉంది. పెద్ద చేలు, మామిడి తోటలు గలవాళ్ళు దీన్ని ఓర్చుకొని చదవాలి. మేకలవాళ్ళు మమ్మల్ని అడిగారు: "అయ్యగారూ, యాడ మేపాల? ముందు చెరువు కట్ట కింద పోరంబోకు ఉండేది. గుట్ట కింద బీడు ఉండేది. ఇప్పుడు యాడ చూసినా తోటలే, తీగలే." ఈ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఊరంతటి పశువుల మేత కోసం వదిలిన నేలను ఏటా రెండు అడుగులు, మూడు అడుగులు కలుపుకొంటూ పోయి, చివరికి రాతికూసాలు నాటి, ఆ తరువాత "నా చేలో మేక పడింది" అంటే, ముందు హద్దు దాటింది మేకా? కూసమా? పొరుగువాని సరిహద్దు రాయి జరిపేవానికి శాపం ద్వితీయోపదేశకాండము 27:17లో ఉంది. పొలానికి పొలం కలుపుకొంటూ ఎవరికీ చోటు మిగల్చనివాళ్ళకు యెషయా 5:8లో శ్రమ ఉంది. పశువును వదలడం తప్పే. దాని మేతను మింగడం అంతకంటే పెద్ద తప్పు. మేక తిన్నది ఒక కారు పంట. మనిషి తిన్నది తరాల మేత.

మేము నీతిమంతులమని ఇదంతా రాయడం లేదు. మా ఇంట్లో ఒక ఆవు ఉంది. పోయిన ఏడాది అది రెండుసార్లు పక్కాయన చామంతి చేలో పడింది. ఆయన మన విశ్వాసం కాదు. రెండుసార్లూ వచ్చి మెల్లిగా చెప్పాడు. మేము "చూసుకుంటాంలే అన్నా" అన్నాం, చూసుకోలేదు. మూడోసారి పండగ ముందు, పూలు కోతకు వచ్చిన రోజుల్లో, రాత్రి మళ్ళీ పడింది. తెల్లారి లేచేసరికి ఆయన ఆవును తోలుకొని మా గేటు ముందు నిలబడి ఉన్నాడు. రాత్రి తన కొట్టంలో కట్టి, మేత వేసి, తొట్టిలో నీళ్ళు పెట్టాడట. "చీకట్లో రోడ్డు మీదికి పోతే లారీ కింద పడతాదని కట్టేసినా సామీ" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే, "ముందు మంచి పలుపు కొనండి" అన్నాడు. ప్రియులారా, మేము ముప్పై ఏళ్ళుగా చదువుతున్న 23:4ను, ఎన్నడూ చదవని ఆయన నెరవేర్చాడు. మేము 22:5 ముందు దోషులుగా నిలబడ్డాం. ఆ రోజు పలుపు కొన్నాం. పోయిన పూల లెక్క కట్టి, ఆయన వద్దన్నా ఇంటి ఆమె చేతికి ఇచ్చి వచ్చాం. కానీ మొదటిసారే ఆ పని చేయనందుకు ఇంకా సిగ్గుగానే ఉంది.

కాబట్టి మన సంఘంలో ఇకమీదట ఇట్లా నడుచుకుందాం.

నష్టం జరిగితే వీధిలో అరవకుండా, మత్తయి 18:15 చెప్పినట్టు, ఒంటరిగా పొరుగువాని దగ్గరికి పోదాం. కోపం దిగాక పోదాం, కానీ పొద్దు వాలకముందే పోదాం. ఇద్దరూ కలిసి చేను చూడాలి. మాట కుదరకపోతే ఇద్దరు పెద్దలను పిలిచి లెక్క కట్టించాలి. పశువు గలవాడు ఆ లెక్కను తగ్గించమని బేరం ఆడకూడదు. చేను గలవాడు పెంచి చెప్పకూడదు. మేకలకు పక్కా కొట్టం, దోవలో తోలేటప్పుడు ఆవు మూతికి చిక్కం, పారిపోయే పశువు మెడకు గుదికొయ్య, మొలకలు వచ్చే రోజుల్లో కోళ్ళు గంప కింద. చేను గలవాడు తుమ్మకంప గానీ, పాత చీరలు గానీ కట్టుకోవాలి. ఆ కంప కట్టే రోజు మేకలవాడే పోయి ఒక చెయ్యి వేస్తే, సగం గొడవ అక్కడే చస్తుంది.

పోతే, ప్రార్థన కూటాల్లో "మా పొరుగువాని మీద ప్రభువు కార్యం చేయాలి" అని విన్నపాలు తేవడం చాలించండి. అట్లాంటి చీటీలు ఇకమీదట మేము చదవం. అబ్రాము, లోతు కాపరులకు గొడవ వచ్చినప్పుడు (ఆదికాండము 13) అబ్రాము లోతు మీద ప్రార్థన పెట్టించలేదు. పెద్దవాడై ఉండి, ముందు నువ్వు కోరుకోమన్నాడు.

వచ్చే నెల ప్రభు బల్లకు ముందు మేము ఆ రెండు ఇళ్ళకూ పోతాం. టమోటా అన్న దగ్గర 23:4 చదువుతాం. మేకల అక్క దగ్గర 22:5 చదువుతాం. ఎవరి వాక్యం వాళ్ళకు. పాపకు ఒక కుక్కపిల్లను ఎవరు తెచ్చిస్తారో వాళ్ళే తేల్చుకోవాలి. వాళ్ళు ఒకరికొకరు చెయ్యి ఇచ్చేదాకా మేము రొట్టె విరవం. ఇది కోపంతో అంటున్నది కాదు. పోయినసారి తొందరపడి విరిచినందుకు, ఈసారి ఆగుతున్నాం.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా పశువులను కట్టుకొనే జాగ్రత్తను, మా కోపాన్ని కట్టుకొనే కృపను మాకు దయచేయుము. మా పొరుగువాని నష్టం మా నష్టంగా చూచే కన్నులనిమ్ము. మేము జరిపిన హద్దు రాళ్ళను మేమే వెనక్కి జరుపుకొనే ధైర్యమిమ్ము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.