రెండో ఫ్యాను దండగేనా?

పల్నాడు ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా! మే నెల వచ్చిందంటే వాతావరణ వార్తల్లో రెంటచింతల పేరు వినబడుతూనే ఉంటుంది. అక్కడ 45 డిగ్రీలు దాటడం వింత కాదు. ఆ ఎండకు మనమైతే వేపచెట్టు నీడ చూసుకుంటాం. మరి ఇంటర్నెట్ సమాచారానికి దారి చూపి పంపే రౌటరు పెట్టె ఏం చేస్తుంది? అది ఆగితే రేషను దుకాణంలో వేలిముద్ర కూడా నడవదు.

రౌటరు తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని ఫ్యాన్లు బయటికి నెట్టాలి. ఫ్యాను గాలిని చల్లబరచదు సుమా! వేడిని మోసుకుపోతుంది, అంతే. లోపలికి వచ్చే గాలే 45 డిగ్రీలుంటే, లోపలి చిప్‌లు అంతకంటే వేడిగా ఉండి తీరాలి. చాలా రౌటర్లకు తయారీదారులు పెట్టే హద్దు 40 డిగ్రీలే! గదికి ఏసీ ఉన్నా, కరెంటు పోతే అదీ ఆగుతుంది.

అందుకే పెద్ద రౌటర్లలో ఫ్యాన్లు అవసరానికి మించి పెడతారు. నాలుగు చాలిన చోట ఐదోది దండగ అనేవారికి ఒక లెక్క చెబుతాను. ఉన్నవే నాలుగు, అందులో ఒకటి ఆగిందనుకోండి. అంతే గాలి తోలాలంటే మిగిలిన మూడూ మూడోవంతు ఎక్కువ వేగంతో తిరగాలి. ఫ్యానుకు కావలసిన శక్తి వేగపు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 4/3 ఘనం 64/27. అంటే ఒక్కొక్క ఫ్యానుకు సుమారు 2.4 రెట్ల శక్తి! అంత బలం వాటికి ఉండాలి గదా. పైగా ఆగిన ఫ్యాను కంతలోంచి వేడిగాలి వెనక్కి దూరుతుంది.

కాబట్టి అదనపు ఫ్యాను దండగ కాదు. నా పేచీ వేరే ఉంది. ఒక ఫ్యాను చచ్చినా పని సాగిపోతుంది. ఎర్రదీపం వెలుగుతున్నా, “నెట్ వస్తోందిగా” అని ఊరుకుంటారు. ఆ రోజునుంచే అదనం లేనట్టు! ఇంకొకటి: పిడుగురాళ్ళ సున్నపు దుమ్మో, పత్తి నూగో ఫిల్టరును మూసేస్తే ఐదు ఫ్యాన్లకూ ఒకేసారి ఊపిరాడదు. ఐదింటికీ కరెంటు ఒకే తీగమీద వస్తుంటే ఆ తీగ తెగినా అంతే. అప్పుడు పదోది పెట్టినా లాభమేమిటి?

చాలా పెద్ద రౌటర్లలో పెట్టెను ఆపకుండానే ఫ్యాన్ల అర లాగి మార్చవచ్చు. కొద్ది నిమిషాల పని. ఫిల్టరు దులపడానికీ అంతే. ఈ రెండూ ఫిబ్రవరిలోనే, ఎండలు ముదరకముందే జరగాలంటాను.