రోజా, దమా, ఇన్‌హేలర్

రంజాన్ నెల దగ్గర పడితే ఉబ్బసం ఉన్న ఇళ్లలో ఒక ప్రశ్న లేస్తుంది. రోజా ఉండి ఇన్‌హేలర్ పీల్చవచ్చునా? జవాబు తేలక కొందరు నెల పొడుగునా దాన్ని అలమారలో పెట్టి తాళం వేస్తున్నారు. ఇది ప్రాణం మీదికి తెచ్చుకునే పని అని చెప్పక తప్పదు.

ఈ విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయం ఉంది. సౌదీ అరేబియా గ్రాండ్ ముఫ్తీగా ఉండి 1999లో కన్నుమూసిన షేక్ ఇబ్నె బాజ్, దానివల్ల రోజా భంగం కాదన్నారు. దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ ఫత్వా మాత్రం భంగమవుతుందనే. ఎవరి మాట అనుసరించాలో చెప్పడం మా పని కాదు. మీరు నమ్మే ఆలింను అడగండి.

అయితే మందుల సంగతి తెలిస్తే ఈ చిక్కు సగం విడిపోతుంది. బ్యుడెసొనైడ్ వంటి మందు ఊపిరి గొట్టాల లోపలి వాపును తగ్గిస్తుంది. ఆయాసం ఉన్నా లేకున్నా రోజూ వాడవలసింది ఇదే. సాధారణంగా రోజుకు రెండు పూటలు. ఒక పూట సహరి ముగియకముందు, రెండోది ఇఫ్తార్ తర్వాత పీల్చి, నోరు పుక్కిలిస్తే సరిపోతుంది. ఇందులో రోజాకు అడ్డేమిటి? దీన్ని మానేసినవారికే పగటిపూట పిల్లికూతలు ఎక్కువవుతాయి.

సాల్బుటమాల్ వేరు. బిగుసుకున్న గొట్టాలను నిమిషాల్లో వదులు చేస్తుంది. దానితో ఒక్కదానితోనే నెట్టుకురావడం తగదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కానీ మిట్టమధ్యాహ్నం ఊపిరాడకపోతే మగ్రిబ్ అజాన్ కోసం ఎదురుచూడకూడదు. వెంటనే పీల్చాలి. మీ ఆలిం తీర్పు ప్రకారం రోజా భంగమైతే తర్వాత ఖజా ఉంది. రోగికి ఈ సడలింపు బఖరా సూరా 184, 185 ఆయతుల్లోనే ఉంది. అల్లాహ్ ఇచ్చిన సడలింపును పక్కింటివారు ఏమనుకుంటారోనని వదులుకోవడం భక్తి అనిపించుకోదు.

'పంపు' అలవాటైపోతుందనే భయం ఇంకొకటి. సాల్బుటమాల్ మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాములుంటాయి. ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములే, అంటే ఇరవయ్యో వంతు లేదా నలభయ్యో వంతు. నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది గనుక అంత తక్కువ చాలు. సంబంధాలు చూస్తున్నారని ఆడపిల్ల ఇన్‌హేలర్ దాచిపెట్టే తల్లులు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఊదు, సాంబ్రాణి పొగలు కూడా ఆ పిల్ల ఉన్న గదికి దూరంగా ఉంచితే మేలు.

షాబాన్ నెలలోనే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోండి. కొత్తగా వాడేవారు పీల్చే పద్ధతిని ఆయన ఎదుటే చేసి చూపాలి. సాల్బుటమాల్ పీల్చినా ఆయాసం తగ్గక, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదవులు నీలి రంగుకు తిరిగినా ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. దారిలోనూ ఇన్‌హేలర్ ఇస్తూనే ఉండాలి.