పండుగ పూట ఆసుపత్రా?

క్రిస్మస్ వచ్చిందంటే గుమ్మానికి నక్షత్రం, రాత్రిళ్లు ఇంటింటా పాటలు, అరిసెలు, కేకు. ఇవన్నీ మంచి ఆచారాలే, కొనసాగాలి. కానీ "పండుగ పూట ఆసుపత్రి గడప తొక్కితే ఏడాదంతా రోగమే" అనే నమ్మకాన్ని మాత్రం వదిలేయాలి. స్వీడన్‌లో 1998 నుంచి 2013 వరకు వచ్చిన గుండెపోట్లను పరిశీలిస్తే, క్రిస్మస్ ముందురోజు అవి అటూ ఇటూ వారాలకంటే 37 శాతం ఎక్కువని తేలింది. ఛాతీలో నొప్పి, ఆయాసం, చెమటలు వస్తే ఆరాధన అయ్యేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగరు, బీపీ మందులు పండుగనాడూ మానకండి. విశ్రాంతి దినాన సైతం రోగులను స్వస్థపరచిన ప్రభువు పుట్టినరోజున వైద్యం చేయించుకోవడం అపశకునం ఎలా అవుతుంది?