మన్యపు బడికి పంతులెవరు?

మన రాష్ట్రప్రభుత్వమువారు 2025 ఏప్రిలు 20వ తేదీన 16,347 ఉపాధ్యాయోద్యోగములకు ప్రకటన గావించి, జూను, జూలై మాసములలో పరీక్షలు జరిపి, సెప్టెంబరునందు నియామకపత్రముల నొసంగిరి. ఇందులకు వారిని అభినందింపకుండుట ధర్మము కాదు. కాని దీనికి ముందటి డీయస్సీ ప్రకటన వెలువడి నియామకములు జరిగినది 2018వ సంవత్సరపు ప్రకటనపైననే. ఏడేండ్లు విత్తులు చల్లక యొక్కయేట గాదె నింపెదనను రైతును చూచి ఇరుగుపొరుగువా రేమందురు?

ఖాళీలను పేరుకొననీయక నియామకములు చేయుట దయాధర్మము కాదు, చట్టవిధి. మంజూరైన ఉద్యోగములలో నూటికి పదింటిని మించి ఖాళీలుండరాదని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము 26వ సెక్షను శాసించుచున్నది. ఈ సెక్షను ఎన్నికల యేట మాత్రమే జ్ఞప్తికి రావలసినదా?

సంఖ్య పూరించినంతమాత్రమున కొఱత తీరునా? పాతపట్నమున నిలిచి కొండలవైపు చూచినవారికి ఈ ప్రశ్న తప్పదు. ఆ కొండలలోని సవరబిడ్డ బడిలో నడుగిడిననాడు పంతులుగారి మాట వానికి తెలియదు. వాని మాట పంతులుగారికి తెలియదు. పట్టణమునుండి వచ్చిన పంతులు బదిలీకై యెదురుచూచుచుండును. కాగితముపై ఉద్యోగము నిండియే యుండును. బడి మాత్రము వట్టిది.

ఈ రోగమును ప్రభుత్వ మెఱుగక పోలేదు. మన్యపు బడులకు ఉపాధ్యాయులు సరిగా రాకుండుటను కారణముగా చూపి, 2000 జనవరి 10వ తేదీన 3వ నంబరు ఉత్తరువు వెలువరించి, షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయోద్యోగముల నన్నింటిని స్థానిక గిరిజనులకే కేటాయించిరి. 2020 ఏప్రిలు 22వ తేదీన సుప్రీముకోర్టు పంచసభ్య ధర్మాసనము, నూటికి నూరుపాళ్ల కేటాయింపు రాజ్యాంగవిరుద్ధమని దానిని కొట్టివేసెను. తీర్పును శిరసావహింపవలసినదే. కాని కోర్టు కొట్టివేసినది మందును, రోగమును గాదు. వేఱు మందు వెదకు భారము ప్రభుత్వముపైననే యున్నది.

ఆ మందు మన సీమకు క్రొత్తది కాదు. మహేంద్రతనయ కావలియొడ్డున పర్లాకిమిడిలో పంతులుగానుండిన గిడుగు రామమూర్తిగారు తాము సవరభాష నేర్చి, అందు వాచకములు వ్రాసి, సవరలకు బడులు పెట్టించిరి. పిల్లవాని యింటిభాష నేర్వనిదే వానికి చదువు చెప్పలేమని వారు గ్రహించిరి. ఒక్క పంతులు చేసిన పనిని ఒక ప్రభుత్వము చేయలేదా?

కావున మా మనవి యిది. ఏటేట నిర్ణీతకాలమున ఖాళీల లెక్క ప్రకటించి నియామకములు జరుపవలయును. మన్యపు ప్రాథమికపాఠశాలలలో పనిచేయువారికి అచటి భాషాజ్ఞానమును ఆవశ్యకముగా విధింపవలయును. భాష యనునది కులము కాదు. నేర్చిన వారెల్లరకు ద్వారము తెఱచియే యుండును గనుక, ఇట్టి నియమము పై తీర్పునకు విరుద్ధము కాదని మా యభిప్రాయము. సవర, జాతాపు యువజనులకు ఉపాధ్యాయశిక్షణ మొసంగి పోటీకి సన్నద్ధులను జేయవలయును. కొండబడిలో నిలిచి పనిచేయువారికి వసతియు, అదనపు వేతనమును గల్పింపవలయును.

చదువరులారా! చట్టప్రకారము ప్రతి ప్రభుత్వపాఠశాలకు యాజమాన్యసంఘ మున్నది. అందు నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే. మీ యూరి బడిలో మంజూరైన ఉద్యోగములెన్ని, పనిచేయువా రెందఱు అని ఆ సంఘములద్వారా అడుగుడు. అడుగని యూరికి ప్రత్యుత్తరము రాదు.